గట్టి కారణం

సర్టిఫికెట్ల కవరు పెట్టెలో లేదు.

అశ్విని ఇనప్పెట్టెను బండల మీద బోర్లించింది. వాళ్లమ్మ చీరలు నాలుగు, రేషన్ కార్డు, పొలం పాసుపుస్తకం, ఎప్పటివో కరెంటు రసీదులు. అన్నీ విడివిడిగా దులిపింది. చీరల మడతలు కూడా విప్పింది. రెండేళ్లుగా ఎవరూ విప్పని మడతలవి.

"నాయనా, ఈడ పెట్టిన పచ్చ కవరు యాడ పోయింది?"

"నాకేం తెలుసు" అన్నాను.

తెలుసు. పది రోజుల కిందట ఆ కవరు తీసి ఇచ్చింది నేనే.

ఆమె ఫోను పక్కనే బండ మీద మోగుతూ ఉంది. ఎత్తి స్పీకరులో పెట్టింది. అవతల షాకీర్ సారు. ముదిగుబ్బ హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. పదో తరగతి అయిన పిల్లలు ఏ చదువుకు పోవాలో దారి చెప్పే పని కూడా నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ వేసుకోమనలేదు.

"దొరికిందా పాపా?"

"ఎతుకుతాండా సార్."

"తొందరగా ఎతుకు. రేపు పొద్దున తొమ్మిదికి తిరుపతిలో కౌన్సెలింగ్. పది మెమో, టీసీ, కులం సర్టిఫికెట్టు, అన్నీ ఒరిజినల్సే ఉండాల. జిరాక్సులు తీసుకపోతే గేటు కాడ్నుంచే ఎనక్కి పంపిస్తారు. పశువుల డిప్లొమాకు మన స్కూల్నుంచి పిలుపు వచ్చింది నీ ఒక్కదానికే. రేపు పోకుంటే ఆ సీటు ఇంకొకరికి పోతాది. మళ్లా పిలవరు."

"పోతా సార్. ఎట్లైనా పోతా."

ఫోను పెట్టేసి నా వైపు చూసింది. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

గడప దగ్గర మా అత్త ఓబులమ్మ కూర్చుని ఉంది. కూతురు పోయినప్పటి నుంచి మనవరాలి కోసమని మా ఇంట్లోనే ఉంటోంది. విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. జూన్ సగం దాటింది. వాన లేదు. అయినా ఒలుస్తోంది.

"యాల మే అట్ల ఇల్లంతా చెల్లాచెదరు చేస్తావు? కవరు నేనిచ్చినా" అంది.

అశ్విని చేతిలో చీర జారిపోయింది.

"ఎవరికి?"

"ఇంకెవరికి? మీ మామకు. మొన్న వచ్చినాడు కదా నాగేశు. వాళ్ల కాలేజీలో చేర్పిద్దామన్నాడు. పెట్టె తీసి ఇచ్చినా."

"నన్నడగకుండానా?"

"నువ్వు బడి కాడికి పోయింటివి."

అత్త తల ఎత్తలేదు. నా వైపు చూడలేదు. కాయ చిదిమి, గింజలు చాటలో వేసి, పొట్టు పక్కకు నెట్టింది.

"నీ కొడుకు ఊరూరా తిరిగి పిల్లోళ్లను పట్టుకపోవాల. పట్టుకపోకుంటే కాలేజీవాళ్లు పాఠాలు చెప్పేదానికి క్లాసు ఇయ్యరు. దానికి నా చదువు తీసి చేతిలో పెడతావా అవ్వా?"

"మేనమామ కదా. చెరుపు చేస్తాడా?"

"చెరుపు కాకుంటే ఇదేంది? రేపు తొమ్మిదికి నేను తిరుపతిలో ఏం చూపించాల? నీ మొగమా?"

"అశ్వినీ" అన్నాను.

"నువ్వుండు నాయనా." అవ్వ వైపు తిరిగింది. "అమ్మ ఉండింటే ఈ పొద్దు నిన్ను చెయ్యి పట్టి బయటికి ఈడ్చిండేది అవ్వా. ఈ ఇంట్లో నీకు కూడు కూడా పెట్టిండేది కాదు."

ముసలామె చేతిలో కాయ అట్లాగే ఆగింది.

"ఉండింటే ఈడ్చేదేలే మే" అంది. "ఉండల్యా కదా."

అశ్విని చీరలు మడిచి పెట్టెలో పెట్టింది. ఒక జత బట్టలు సంచిలో కుక్కుకుంది.

"పద నాయనా. అనంతపురం పోయి మామ దగ్గర కవరు తీసుకుందాం. ఆణ్ణించే తిరుపతి బస్సు ఎక్కుదాం. ఆరు గంటలకు ఒకటి ఉండాదంట."

"ఇచ్చిందేమో ఇచ్చేసిరి. మీ మామ కాలేజీలోనే ఎంపీసీ చదువుకోరాదా? అందరూ అదే చదువుతాండారు."

"నాకు లెక్కల్లో యాభై రెండు. సైన్సులో తొంభై నాలుగు. లెక్కల సారే ఎంపీసీ వద్దంటాండాడు. నువ్వు పొమ్మంటాండావు."

"గొర్రెల చదువు కూడా ఒక చదువేనా?"

ఆమె నన్ను తేరిపార చూసింది. సంచి భుజానికి వేసుకుని వీధిలోకి దిగింది. అవ్వను దాటుకుంటూ పోయింది. తాకకుండా పోయింది.

అత్త లేచి రెండు జొన్నరొట్టెలు, శనక్కాయల పొడి గుడ్డలో కట్టి నా చేతికి ఇచ్చింది.

"ఎందుకట్ల చెప్పినావు?" అని అడిగాను.

"పిల్లకు అమ్మ లేదు. నాయన కూడా లేకుండా పోతే ఎట్లప్పా? అవ్వ లేకున్నా బతుకుతాది."

నేను రొట్టెలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. ఆమెకు దండం పెట్టాల్సింది. పెట్టలేదు. నాకు ఆ అలవాటు లేదు.

*

బస్సులో అశ్విని ఆడవాళ్ల సీటులో ముందు కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్రచేలు. ఒక్క చేనులో విత్తు పడలేదు. బత్తలపల్లి దాటేదాకా ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

జనవరిలో ఆ మీటింగుకు నేను పోకుండా ఉండాల్సింది.

పది తర్వాత ఏం చదవాలో చెబుతామని, తల్లిదండ్రులు రావాలని షాకీర్ సారు చీటీలు పంపాడు. తల్లి ఉన్నవాళ్లకు తల్లులు వచ్చారు. అశ్వినికి నేను పోయాను. పదో తరగతి గదిలో చివరి బెంచీలో కూర్చున్నాను. మోకాళ్లు పట్టలేదు.

సారు గోడకు పెద్ద చార్టు అంటించాడు. అడుగున పది అని రాసి, అక్కడి నుంచి కొమ్మల్లా గీతలు గీశాడు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐ. ఒక్కో కొమ్మ చివర ఏ ఉద్యోగమో రాశాడు.

"అమ్మలూ, అయ్యలూ, ఒక మాట. పక్కింటి పిల్లోడు ఏ గ్రూపు తీసుకున్నాడో అది తీసుకోవద్దండి. మీ బిడ్డకు ఏమి వస్తాదో, ఏమి ఇష్టమో అడగండి. అడిగేదానికి దుడ్లు అక్కర్లేదు."

"సారూ, మా వాడికి ఏమీ రాదు. దానికి ఏ గ్రూపు ఉండాది?" అన్నాడు జీవాల బేరగాడు నబీ రసూల్. అందరూ నవ్వారు. వాడి కొడుకు కూడా నవ్వాడు.

"నీకేమి వస్తాదని ఇంత మందను కొని అమ్ముతాండావు నబీ అన్నా? వాడికీ ఏదో వస్తాది. ఎతకాల" అన్నాడు సారు.

ఆ తర్వాత ఉద్యోగాలు చేసేవాళ్లను ముగ్గురిని మాట్లాడించాడు. మూడో మనిషి పశువుల ఆసుపత్రి నుంచి వచ్చింది. పేరు చాందిని. చిన్న పిల్ల. పది అయిపోగానే పశువుల డిప్లొమా చదివి, ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో జీవాలకు మందులు, టీకాలు వేస్తోంది. గోడకు బిగించిన టీవీలో బొమ్మలు చూపించింది. గాలికుంటు పట్టిన ఆవు. నాలుక నీలంగా మారిన గొర్రె. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకున్నారు.

"ఇది దొమ్మ" అంది ఆ పిల్ల. "పొద్దున మేసిన గొర్రె సాయంత్రానికి చచ్చిపోతాది. ముక్కులోంచి నల్లటి నెత్తురు కారతాది. అట్లా చచ్చినదాన్ని కోయకూడదు. మనవాళ్లు పారేయలేక కోస్తారు. అప్పుడు మనిషికి ఇట్లా అవుతాది."

టీవీలో ఒక చెయ్యి కనబడింది. మణికట్టు మీద పొక్కు. పొక్కు నడుమ బొగ్గులా నలుపు. చుట్టూ వాపు.

ఆ చెయ్యి నాకు తెలుసు. వేరే ఎవరిదో చెయ్యి. కానీ తెలుసు.

నా భార్య సుమిత్ర చేతికి అట్లాంటిదే లేచింది. నొప్పి కూడా లేదు, పురుగు కుట్టిందేమోలే అంది. నాలుగో రోజు జ్వరం. ఆరో రోజు అనంతపురం ఆసుపత్రి. ఏడో రోజు లేదు. రక్తంలో విషం ఎక్కింది అన్నారు. విషపు పురుగు అని ఊరు అనుకుంది. వాళ్లమ్మ, తమ్ముడు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. అనుకోవాలని గట్టిగా అనుకున్నాను. ఆ వారం మందలో ఒక గొర్రె చచ్చిన సంగతి, దాన్ని సుమిత్ర కోసిన సంగతి, కోయమన్నది నేనన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కరువు ఊళ్లో చచ్చిన గొర్రెను ఎవరు పారేస్తారు?

"దీనికి టీకా ఉండాది" అంటోంది చాందిని. "ఉచితం. మేమే ఊరికి వచ్చి వేస్తాం. కానీ చూడి గొర్రెలు ఈసుకుపోతాయని, పిల్లలు పడిపోతాయని భయపడి, మమ్మల్ని చూస్తానే మందలు దాచేస్తారు."

అందరూ మళ్లీ నవ్వారు. ఎవరి మందలు వాళ్లకు గుర్తొచ్చి ఉంటాయి.

నేను లేచి బయటికి వచ్చాను. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూశాను. అశ్విని టీవీ చూడటం లేదు. తల వంచుకుని తన చేతులు చూసుకుంటోంది.

ఆ సాయంత్రం పిల్లలందరూ చీటీల మీద ఏం కావాలనుకుంటున్నారో రాసిచ్చారు. ఇంజనీర్లు పద్దెనిమిది మంది. డాక్టర్లు పదకొండు మంది. ఒకే ఒక్క చీటీ మీద పశువుల డిప్లొమా అని ఉందట. నబీ రసూల్ వీధిలో ఎదురై, "ఏమప్పా తిప్పేస్వామీ, గొర్రెను మేపేదానికి కూడా సర్టిఫికెట్టు తీసుకుంటాండావంట" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కోపం తెచ్చుకున్నాను. కోపం అవసరమైన మనిషికి ఏ మాటైనా సరిపోతుంది.

ఆ చదువు చదివితే అశ్విని ఆ రోగం పేరు రోజూ చదువుతుంది. నా ఇంట్లో కూర్చుని చదువుతుంది. అందుకే కవరు తీసి నాగేశు చేతిలో పెట్టాను. వాడు అడగను కూడా లేదు.

*

కాలేజీ మూడంతస్తుల మేడ. కింద టైర్ల దుకాణం. మెట్ల పొడుగునా పోయినేడు మంచి మార్కులు వచ్చిన పిల్లల ఫోటోలు. ఆఫీసు గదిలో శశి అనే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. నాగేశు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. సుమిత్ర ముక్కు, సుమిత్ర కళ్లు. ఆ పోలిక చూడలేక నేను వాడితో ఎప్పుడూ గోడ వైపు చూస్తూ మాట్లాడతాను.

"ఏం బావా, చెప్పకుండా వస్తిరే. పాపా, హాస్టలు చూసేదానికి వచ్చినావా?"

"సర్టిఫికెట్లు ఇయ్యి మామా."

వాడి నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు?"

"రేపు తిరుపతిలో కౌన్సెలింగ్. పశువుల డిప్లొమాకు."

నాగేశు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"అడ్మిషన్ అయిపోయింది పాపా. పేరు ఎక్కించేసినారు. పదిహేను మందిని తెస్తేనే ఈ ఏడు నాకు క్లాసు ఇస్తామన్నారు. ఎండాకాలమంతా బైకు మింద తిరిగినా. నీతో పదిహేను."

"అవ్వ ఇస్తే తీసుకునేయడమేనా? నన్నొక మాట అడగొద్దా?"

"అవ్వ యాడ ఇచ్చినాది?"

శశి అప్పటికే ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. పైన అప్లికేషను. తండ్రి సంతకం అన్న గడిలో నా సంతకం. ఐదో తరగతిలో అయ్యవారు బెత్తంతో నేర్పిన కలిపిరాత. మా ఇంట్లో ఎవరూ దాన్ని పొరబడరు.

అశ్విని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. వేలితో సంతకాన్ని తాకి చూసింది.

"పొద్దున అవ్వను నేను ఏమేమన్నానో ఇన్నావు కదా నాయనా?"

"ఇన్నా."

"కూడు కూడా పెట్టిండేది కాదు అమ్మ అన్నా."

"ఊ."

"నువ్వు చెప్పులేసుకుంటాండావు."

శశి కంప్యూటరు వైపు తిరిగి, పని లేకపోయినా పని చేసింది.

"ఎందుకిచ్చినావు?"

"నీ మంచికి."

"నా మంచికైతే నాతో చెప్పి ఇచ్చిండేవాడివి."

"చెప్తే ఒప్పుకునేదానివా? గొర్రెల ఎనక తిరిగి మీ అవ్వ, మీ అమ్మ ఏం బాగుపడినారు? ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం చేస్తావని ఇచ్చినా."

"బావ చెప్పిందీ నిజమే పాపా" అన్నాడు నాగేశు మెల్లగా. "లెక్కలకు నేనుంటా కదా. నేను నేర్పిస్తా."

"ఆ పొద్దు బడిలో టీవీలో ఆ చెయ్యి బొమ్మ వచ్చినప్పుడు నువ్వు లేసి బయటికి పోయినావు నాయనా."

"దప్పికైంది."

"నీళ్ల బాటిలు నీ చేతిలోనే ఉండె."

"ఏం బొమ్మ?" అన్నాడు నాగేశు. "ఏం చెయ్యి?"

అశ్విని గోడ మీదికి వేలు చూపింది. గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

నాగేశు చేతులు నలుపుకున్నాడు. ఫైలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్లీ బల్ల మీద పెట్టాడు. "ఉండండి. ప్రిన్సిపాల్‌ను అడిగి వస్తా" అని లోపలికి పోయాడు. వాడు పోకపోయినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. వాడి క్లాసు పోతుంది. వాడికి ఇద్దరు పిల్లలు. అయినా పోయాడు. చచ్చిపోయిన అక్క పేరు చెప్పుకుని అడిగి ఉంటాడు. నేనెప్పుడూ ఆమె పేరు అంత మంచి పనికి వాడలేదు.

పది నిమిషాలకు వచ్చాడు. చొక్కా వీపున తడిసి ఉంది.

"మామూలుగా ఎనక్కి ఇయ్యరంట. తండ్రి కారణం రాసి సంతకం పెట్టి ఇస్తే ఇస్తానన్నాడు. మనసు మారింది, దూరమైంది, అట్లాంటివి కుదరవంట. గట్టి కారణం ఉండాలంట. ఆయన పైవాళ్లకు చూపించుకోవాలంట. ఐదుకు ఆఫీసు మూస్తారు."

శశి ఒక తెల్లకాగితం, పెన్ను బల్ల మీద పెట్టింది.

"రాసేయి" అన్నాను అశ్వినితో. "ఇంట్లో అవ్వకు జబ్బు, చూసుకునేదానికి మనిషి లేదు, అందుకని దూరం పంపలేను అని రాయి. నేను సంతకం పెడతా."

"అవ్వ మింద ఇంగా ఎంత ఏస్తావు నాయనా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రాయడం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. కొట్టివేత లేదు. ఎప్పటి నుంచో లోపల రాసి పెట్టుకున్నది చూసి రాస్తున్నట్టు రాసింది. ముగించి, కాగితం నా వైపు తిప్పింది.

నేను చదివాను.

"ప్రిన్సిపాల్ గారికి. నా కూతురు అశ్విని మీ కాలేజీలో చేరడం లేదు. కారణం ఏమనగా, రెండేళ్ల కిందట మా ఊరికి గొర్రెలకు టీకా వేసేవాళ్లు వచ్చినారు. చూడి గొర్రెలు ఈసుకుపోతాయని నేను వేయించలేదు. మందను వంకలోకి తోలి దాచమని చెప్పినాను. నా కూతురు తోలుకుపోయి సాయంత్రం దాకా దాచింది. నెల తిరగకుండా ఆ మందలో ఒక గొర్రె దొమ్మ రోగంతో చచ్చింది. నేను కోయమంటే నా భార్య సుమిత్రమ్మ కోసింది. ఆమెకు అదే రోగం వచ్చి చనిపోయింది. ఇది మా ఇంట్లో నాకూ నా కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంకొక ఇంట్లో ఇట్లా జరగకుండా చూసే చదువు నా కూతురు చదవాలనుకుంటోంది. కాబట్టి ఆమె సర్టిఫికెట్లు ఇప్పించగలరు. ఇట్లు."

ఇట్లు కింద ఖాళీ.

వంక సంగతి ఆమెకు గుర్తుండదనుకున్నాను. అప్పుడు ఆమెకు పదమూడేళ్లు. టీకా జీపు ఊరి మొదట్లో కనబడగానే, "తోలుకపో పాపా, వంకలో ఉండు, నేను పిలిచేదాకా రావద్దు" అన్నాను. ఏదో ఆటలాగా తోలుకుపోయింది. చీకటి పడే వేళకు మందతో తిరిగి వచ్చి, "ఒక్కటి కూడా అరవల్యా నాయనా, అట్ల కాసినా" అంది. నేను తల నిమిరాను.

ఆ తల నిమిరిన సంగతి ఆమె కాగితంలో రాయలేదు.

"ఒక్క మాట కొట్టేయి" అన్నాను. "నువ్వు తోలినావన్న మాట. నేనే తోలినానని రాయి. సంతకం పెడతా."

"అబద్ధం ఎందుకు?"

"నువ్వు చిన్నపిల్లవి. చెప్పింది నేను."

"చెప్పింది నువ్వు. తోలింది నేను. రెండూ ఉంటాయి నాయనా. ఆ చెయ్యి టీవీలో చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టల్యా. నీకు పట్టిందా?"

పట్టలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో, నడుమ ఒక గోడతో, జనవరి నుంచి మేలుకునే ఉన్నాం. ఒక్క రోజైనా నేను ఆ గోడ ఇవతల నుంచి పిలిచి ఉంటే సరిపోయేది.

నాగేశు కాగితం తీసుకున్నాడు. నేను అడ్డం పెట్టలేకపోయాను. మొదట నిలబడి చదివాడు. తర్వాత కూర్చుని చదివాడు. రెండోసారి చదివేటప్పుడు వాడి పెదాలు కదిలాయి, చదువు రానివాడు కూడబలుక్కున్నట్టు.

"పురుగు కుట్టింది అన్నావు కదా బావా."

"అట్లే అనుకున్నా."

"అనుకున్నావా?"

నేను మళ్లీ గోడ వైపు చూశాను.

"ఆసుపత్రిలో డాక్టరు నన్నడిగినాడు. ఇంట్లో జీవాలేమన్నా చచ్చినాయా అని. నాకేం తెలుసు? వరండాలోకి వచ్చి నిన్నడిగినా. ఏమీ లేదు పో అన్నావు. పోయి లేదని చెప్పినా." వాడి గొంతు పైకి లేవలేదు. లేచి ఉంటే బాగుండేది. "నా నోటితో చెప్పినా బావా."

అశ్విని వాడి వైపు తిరిగింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను మరిచిపోయానని అనుకుంటూ వచ్చాను.

శశి లేచి కిటికీలు మూయడం మొదలుపెట్టింది. ఒక రెక్క, ఇంకో రెక్క. నాలుగు యాభై.

నాగేశు కాగితం బల్ల మీద పరిచాడు. మడత పడిన మూలను అరచేత్తో సాపు చేశాడు. పచ్చ కవరు తీసి దాని పక్కన పెట్టాడు. కవరు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"పెట్టు" అన్నాడు. "నా క్లాసు పోతే పోనీ. పిల్ల పోవాల."

నేను పెన్ను తీసుకున్నాను. తి అని రాశాను. కలిపిరాతలో ఆ అక్షరం తర్వాత చెయ్యి తనంతట తాను పోవాలి. పోలేదు.

నాగేశు నా మణికట్టు పట్టుకున్నాడు. ఇన్నేళ్లలో వాడు నన్ను తాకింది అదే మొదలు.

"ఒకటి చెప్పి పెట్టు బావా. ఆ పొద్దు టీకావాళ్లు వచ్చినప్పుడు మా యక్క ఇంట్లోనే ఉండె కదా. ఆమె ఏమన్నాది? వేయించమన్నాదా, వద్దన్నాదా?"

అశ్విని కూడా నా వైపే చూస్తోంది. ఆమె అప్పటికే మందతో వంకలో ఉంది. ఆమెకు తెలియదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఒకరు ఇప్పుడు లేరు.

సుమిత్ర గడప దాటి వీధిలోకి వచ్చి నాతో ఏమందో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. ఎంత గట్టిగా అందో, చీర కొంగు ఎట్లా నడుముకు దోపుకుని అందో, నా ఏ దెబ్బకు ఆమె నోరు మూతపడిందో కూడా గుర్తుంది.

రెండేళ్లుగా ఎవరూ అడగలేదు.

"చెప్పు నాయనా" అంది అశ్విని.